కోకా సుబ్బారావు రాసిన ఆ కొద్ది పేజీలు

గెలిచిన తీర్పుకు అండ ఉంటుంది. అది చట్టమవుతుంది, కింది కోర్టులు దాన్ని పాటించి తీరాలి. రాత కాస్త వదులుగా ఉన్నా దాని అధికారానికి లోటు రాదు. మైనారిటీలో పడిన తీర్పుకు ఆ అండ లేదు. వెలువడిన రోజే దాని మాట చెల్లకుండా పోతుంది. ఇక దానికి మిగిలేదల్లా తర్కం, ఆ తర్కాన్ని అమర్చిన తీరు. అందుకే తీర్పు రాయడంలో పనితనం ఎలా ఉంటుందో చూడదలచినవాళ్ళు ముందు మైనారిటీ తీర్పులు చదవాలని నా అభిప్రాయం. అలాంటి వాటిలో మేలైనది ఒకటి మన తెలుగువాడి చేతి రాత. 1962 డిసెంబరు 18న ఖరక్ సింగ్ కేసులో జస్టిస్ కోకా సుబ్బారావు, తన తరఫునా జస్టిస్ జె.సి. షా తరఫునా రాసిన తీర్పు అది.

రాజమండ్రిలో పుట్టి, అక్కడే చదివి, మద్రాసులో లా పూర్తి చేసి వకీలుగా ఎదిగిన మనిషి సుబ్బారావు. గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు దానికి తొలి ప్రధాన న్యాయమూర్తి. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పు. అది పెద్ద తీర్పే, చరిత్రను మలుపు తిప్పిన తీర్పే. కానీ రచనగా చూస్తే ఖరక్ సింగ్ కేసులోని ఈ కొద్ది పేజీలే నాకు ఎక్కువ అనిపిస్తాయి.

ముందు కథ తెలియాలి. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్‌ను 1941లో ఒక బందిపోటు దోపిడీ కేసులో ఇరికించారు. సాక్ష్యం లేదని వదిలేశారు. కేసు అక్కడితో పోయింది గానీ పోలీసులు ఆయన పేరు మీద హిస్టరీ షీట్, అంటే అనుమానితుడి సమాచారం నమోదు చేసే పత్రం, తెరిచారు. ఇరవై ఏళ్ళ తరువాత ఆయన సుప్రీంకోర్టుకు చెప్పుకున్నది ఇది: ఊరి చౌకీదారు, ఒక్కోసారి కానిస్టేబుళ్ళు అర్ధరాత్రి వచ్చి తలుపు బాదుతారు, కేకలేసి నిద్ర లేపుతారు, కొన్నిసార్లు ఠాణాకు రమ్మంటారు. ఊరు దాటాలంటే ఎక్కడికి వెళ్తున్నదీ, ఎన్నాళ్ళుండేదీ చెప్పాలి. చెప్పగానే ఆ ఊరి ఠాణాకు కబురు వెళ్తుంది. అక్కడా ఇదే కాపలా.

పోలీసులు దీనికి చూపించిన ఆధారం ఉత్తరప్రదేశ్ పోలీసు రెగ్యులేషన్లలో 236వది. అందులో ఆరు క్లాజులున్నాయి. అనుమానితుడి ఇంటి దగ్గర, ఇంటికి వచ్చే దారుల్లో రహస్యంగా కాపు కాయడం. రాత్రిపూట ఇంటికి వెళ్ళి చూడటం. సబ్ ఇన్‌స్పెక్టర్‌కు తక్కువ కాని అధికారి అప్పుడప్పుడూ అతని పేరు ప్రతిష్ఠలు, అలవాట్లు, స్నేహాలు, రాబడి, ఖర్చు, వృత్తి గురించి ఆరా తీయడం. అతని రాకపోకల్ని కానిస్టేబుళ్ళు, చౌకీదార్లు నివేదించడం. ఆ రాకపోకల్ని విచారణ స్లిప్పులతో సరిచూసుకోవడం. ఇలా కూడిన సమాచారమంతా హిస్టరీ షీట్‌లో ఎక్కించడం. ఇందులో దేనికీ శాసనసభ చేసిన చట్టం ఆధారం కాదు. పోలీసు శాఖ తన సిబ్బందికి తానే రాసుకున్న సూచనలు అవి. కేసుకు కీలకం అదే. 21వ అధికరణం చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప వ్యక్తిగత స్వేచ్ఛను హరించరాదంటుంది. మాట, సంచారం వంటి స్వేచ్ఛల్ని ఇచ్చే 19వ అధికరణం కింద ఆంక్ష పెట్టాలన్నా చట్టం ఉండాలి. ఇక్కడ చట్టమే లేదు కనుక తేలాల్సింది ఒకటే: ఈ కాపలా వల్ల హక్కుకు భంగం కలిగిందా, లేదా?

ధర్మాసనంలో ఆరుగురు. ప్రధాన న్యాయమూర్తి బి.పి. సిన్హాతో సహా నలుగురి తరఫున జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ మెజారిటీ తీర్పు రాశారు. ఆయన ఆరు క్లాజుల్నీ విడివిడిగా పరీక్షించారు. రాత్రి తనిఖీ ఒక్కదాన్ని కొట్టేశారు. ఎవరి ఇల్లు వారికి కోట అన్న పాత ఇంగ్లీషు న్యాయసూత్రాన్ని ఆ సందర్భంలో తలచుకున్నారు. మిగతా ఐదింటినీ నిలబెట్టారు. గోప్యత మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నారు. స్వేచ్ఛగా తిరిగే హక్కుకు భంగం కలిగిందనాలంటే అది నేరుగా, కంటికి కనిపించేలా ఉండాలని, వ్యక్తుల సున్నితమైన మనోభావాలకు రాజ్యాంగం రక్షణ ఇవ్వదని తేల్చారు.

సుబ్బారావు తీర్పు మొదలయ్యే తీరు చూడండి. ఉపోద్ఘాతం లేదు. సోదర న్యాయమూర్తి తీర్పు చదివాం, రాత్రి తనిఖీల క్లాజు చెల్లదన్న మాటతో ఏకీభవిస్తున్నాం, మేం ఇంకా ముందుకు వెళ్ళి మొత్తం రెగ్యులేషనే, స్వేచ్ఛగా సంచరించే హక్కునిచ్చే 19(1)(డి)కీ, 21వ అధికరణానికీ విరుద్ధమంటున్నాం అని తేల్చేశారు. ఎక్కడ కలుస్తున్నారో, ఎక్కడ విడిపోతున్నారో, ఏ అధికరణాల మీద నిలబడుతున్నారో మూడూ ఒక్క వాక్యంలో వచ్చేశాయి. చదివేవాడికి ఇక దారి తప్పే పని లేదు.

తరువాత ఆయన మెజారిటీ పద్ధతినే ప్రశ్నించారు. నిఘాను ముక్కలుగా కోసి, ఈ ముక్క తప్పు, ఆ ముక్క ఒప్పు అనడం వాస్తవానికి దూరమన్నారు. ఆరు క్లాజులూ కలిస్తేనే నిఘా, అవన్నీ ఒకే మనిషిని కనిపెట్టి ఉండటానికి వాడే సాధనాలే అని చెప్పారు. ఇది చిన్న మాటలా కనిపిస్తుంది గానీ సగం కేసు ఇక్కడే తేలిపోయింది. విడిగా చూస్తే ఏ క్లాజూ పెద్ద నేరంలా అనిపించదు. వీధి చివర ఒక మనిషి నిలబడితే ఏం పోయింది? ఎవరో మన ఖర్చుల గురించి పక్కింట్లో అడిగితే ఏం నష్టం? కానీ ఆ ఆరూ ఒకే మనిషి చుట్టూ, ఏళ్ళ తరబడి, రాత్రీ పగలూ తిరుగుతున్నప్పుడు అతని బతుకు ఎలా ఉంటుందన్నది అసలు ప్రశ్న. సుబ్బారావు పోలీసు ఫైలు వైపు నుంచి కాకుండా ఖరక్ సింగ్ వైపు నుంచి చూశారు. ఆ తీర్పు బలమంతా అక్కడి నుంచే వచ్చింది.

ఇక ఆయనకు అడ్డం ఉన్నది 1950 నాటి ఎ.కె. గోపాలన్ తీర్పు. ఒక్కో ప్రాథమిక హక్కు ఒక్కో గదిలో వేరుగా ఉంటుందన్న ఆలోచన దానిది. ఖరక్ సింగ్ మెజారిటీ కూడా 19వ అధికరణంలో చెప్పిన స్వేచ్ఛలు పోగా మిగిలినవే 21లో ఉంటాయని పంచింది. సుబ్బారావు ఈ పంపకాన్ని ఒప్పుకోలేదు. రెండూ స్వతంత్రమైన హక్కులే, ఒకదాని మీదికి ఒకటి వస్తాయి కూడా అన్నారు. దాని ఫలితాన్ని వెంటనే చెప్పారు: వ్యక్తిగత స్వేచ్ఛకు భంగం కలిగించే పనికి ప్రభుత్వం ఒక చట్టం చూపిస్తే సరిపోదు, ఆ చట్టం 19వ అధికరణం అడిగే సమంజసత్వ పరీక్షకు కూడా నిలబడాలి. ఈ కేసుకు ఆ మాట అవసరం కూడా లేదు, ఎందుకంటే ఇక్కడ చట్టమే లేదు. అయినా రేపు చట్టం చేసుకొచ్చి ఇదే కాపలా పెడితే ఏమిటన్న ప్రశ్నకు ఆయన అప్పుడే జవాబు సిద్ధం చేసి ఉంచారు.

నాకు అన్నిటికంటే నచ్చే పనితనం దీని తరువాత వస్తుంది. గోపాలన్ కేసులో వ్యక్తిగత స్వేచ్ఛకు ఇచ్చిన అర్థం ఏమిటంటే, అది మనిషి దేహానికి సంబంధించినదని, భౌతిక నిర్బంధానికీ బలవంతానికీ వ్యతిరేకమైనదని. ఈ నిర్వచనం సుబ్బారావు వాదానికి అడ్డంకి కావాలి. ఆయన దాన్ని తోసిపుచ్చలేదు, పక్కదారి పట్టలేదు. ఆ నిర్వచనంలోనే ఉన్న బలవంతం అన్న మాటను చేతిలోకి తీసుకుని, ఆధునిక కాలంలో దీన్ని ఇరుకుగా చదవకూడదన్నారు. నాగరికత పెరిగేకొద్దీ మనిషిని కట్టేయడానికి గొలుసుల కంటే మనసు మీద వేసే పట్టు ఎక్కువ పని చేస్తుందని, మనిషిలో భయాన్ని పుట్టించి అనుకున్న గాడిలో నడిపించే పరిస్థితులు కల్పించడం కూడా భౌతిక నిర్బంధమేనని చెప్పారు. ఆ వాక్యాల్లో అనాగరిక సమాజాల గురించి వచ్చిన ప్రస్తావన ఈనాటి చెవికి ఎబ్బెట్టుగా వినిపిస్తుంది, నిజమే. కానీ ఆ మెలకువ చూడండి. పాత తీర్పు దేహం అంది. ఈయన కాదనలేదు. భయం కూడా దేహాన్నే పట్టుకుంటుందని చూపించారు. తనకు ఎదురుగా నిలబడాల్సిన తీర్పునే తనకు సాక్షిగా పిలిచారు. కొట్టేసే అధికారం లేని పాత తీర్పుతో వ్యవహరించడం నేర్చుకోవాలనుకునే ప్రతి యువ న్యాయవాదీ ఈ భాగాన్ని పదేపదే చదవాలి.

అక్కడి నుంచి ఆయన ఇంటి గురించి మాట్లాడారు. రాజ్యాంగంలో గోప్యత హక్కు అన్న మాట లేని సంగతి దాచలేదు. మాట లేకపోయినా అది వ్యక్తిగత స్వేచ్ఛలో విడదీయరాని భాగమన్నారు. ఇల్లు మనిషికి విశ్రాంతిని, మనశ్శాంతిని, భద్రతను ఇవ్వాల్సిన చోటని, చివరికి తన స్వేచ్ఛను కాపాడుకోవడానికి అదే అతని కోట అని రాశారు. అమెరికా న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్ ఇంటి గోప్యత గురించి చెప్పిన మాటలు భారతీయుడి ఇంటికీ అంతే వర్తిస్తాయన్నారు. ఆ కోట పోలిక మెజారిటీ తీర్పులోనూ ఉంది కదా, తేడా ఏమిటి? మెజారిటీ ఆ పోలికతో రాత్రి తనిఖీని కొట్టేసి, రెండడుగులు వేసి గోప్యత హక్కే లేదంది. గోప్యత లేకపోతే ఆ ఇల్లు కోట ఎందుకయిందో చెప్పలేదు. సుబ్బారావు తీర్పులో ఆ పోలిక వాదంలో భాగంగా వచ్చింది, దాని నుంచి తేలాల్సింది తేలింది.

ఆ తరువాతే నిర్వచనం. 21వ అధికరణంలోని వ్యక్తిగత స్వేచ్ఛ అంటే, నేరుగా విధించినవైనా, కావాలని పథకం ప్రకారం పరోక్షంగా తెచ్చిపెట్టినవైనా, ఆంక్షలూ చొరబాట్లూ లేకుండా ఉండే హక్కు అన్నారు. మెజారిటీ వాళ్ళు నేరుగా, కంటికి కనిపించేలా అని గీసిన గీతకు ఇది సూటి జవాబు. నేరుగా అన్న మాట పక్కనే పరోక్షంగా అన్నది పెట్టారు. అయితే పరోక్షమైన ప్రతిదీ తప్పేనంటే ప్రభుత్వం ఏ పనీ చేయలేదని ఆయనకు తెలుసు. అందుకే కావాలని, పథకం ప్రకారం అన్న హద్దు కూడా అందులోనే ఉంది. వాదం అంతా అయ్యాక వచ్చిన నిర్వచనం కనుక అది పైనుంచి దిగిన ప్రకటనలా ఉండదు. పాఠకుడు అప్పటికే ఒప్పుకున్న విషయాన్ని మూటగట్టినట్టు ఉంటుంది.

స్వేచ్ఛగా సంచరించే హక్కు దగ్గరికి వచ్చేసరికి ఆయన చట్టం భాషను కాసేపు పక్కన పెట్టి, మనుషులు ఎందుకు ప్రయాణిస్తారో అడిగారు. ఎవరూ ఊరికే ఒక చోటి నుంచి ఇంకో చోటికి దేహాన్ని మోసుకెళ్ళరు. సంతోషం కోసం వెళ్తారు, వ్యాపారానికి వెళ్తారు, స్నేహితుల్ని కలవడానికి, ఎవరితోనో గుట్టుగా మాట్లాడుకోవడానికి వెళ్తారు. వెనకాల పోలీసు నీడ ఉంటే అతను కదలగలడు, కానీ అది మరమనిషి కదలిక. అలాంటివాడికి దేశమంతా జైలే. ఆ జైలు మాటను ఆయన ముందుగా వాడేసి ఉంటే అది ఉపన్యాసంలా ఉండేది. ప్రయాణానికున్న మామూలు కారణాలన్నీ చెప్పి, వాటిలో ఏదీ మిగలదని చూపించిన తరువాత వచ్చింది కనుక లెక్క తేలినట్టుంది. ఆ వెంటనే సమాజ నియంత్రణకు చేసే చట్టాలకు లోబడే ఈ స్వేచ్ఛ ఉంటుందని కూడా గుర్తు చేశారు. ఆవేశం ఉంది, అదుపు తప్పలేదు.

ఎవరైనా 19(1)(డి) అంటే కేవలం దేహం కదలడమే అంటారేమో! అలా అనుకున్నా సరే, వాక్ స్వాతంత్ర్యంతో కలిపి చూస్తే ఇదే ఫలితం వస్తుందన్నారు. అందుకు ఆయన ఇచ్చిన ఉదాహరణ ములాఖత్. ఖైదీని చూడటానికి భార్యో, కొడుకో, స్నేహితుడో వస్తాడు. పక్కనే కాపలావాడు నిలబడి ఉంటాడు. ఖైదీ నోరు తెరిచి మాట్లాడవచ్చు, ఎవరూ ఆపరు. కానీ మనసులోని మాట చెప్పగలడా? భావ ప్రకటన స్వేచ్ఛను పూర్తిగా అనుభవిస్తున్నాడని అనగలమా? జైల్లోని ఆంక్షకు చట్టం ఉంది. నిఘాలో ఉన్న మనిషిని మాత్రం చట్టమేదీ లేకుండానే దేశం సరిహద్దుల మధ్య ఖైదీని చేశారు, కాపలావాళ్ళకు ఏ శాసనమూ అధికారం ఇవ్వలేదు. ఒక్క ఉదాహరణతో రెండు పనులు జరిగాయి. మాటకు కూడా లోపలి పార్శ్వం ఒకటుందని తేలింది, అసలు లోపం చట్టం లేకపోవడమేనని మళ్ళీ గుర్తొచ్చింది. జైలు గేటు దగ్గర అయినవాళ్ళతో మాట్లాడిన ప్రతివారికీ ఇందులో నిజం వెంటనే అర్థమవుతుంది. న్యాయశాస్త్రం చదివి ఉండనక్కరలేదు.

అక్కడితో ఆగారు. 19వ అధికరణంలోని ఇంకే స్వేచ్ఛలకైనా భంగం కలిగిందా అన్నది ఈ కేసులో చెప్పనక్కరలేదంటూ ముగించారు. సంఘాలు పెట్టుకునే స్వేచ్ఛనూ, సభల స్వేచ్ఛనూ లాగి తీర్పును పెంచవచ్చు. పెంచలేదు. ఎంత బరువు మోయగలదో అంతే ఎత్తి పెట్టారు.

ఆ వాదానికి దన్ను ఎప్పుడు దొరికిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1967లో సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తిగా సత్వంత్ సింగ్ కేసులో ముగ్గురు, ఇద్దరు అన్న మెజారిటీతో విదేశాలకు వెళ్ళడం వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని తేల్చారు. చట్టం లేకుండా, అధికారి ఇష్టం మీద పాస్‌పోర్టు నిరాకరించడం కుదరదన్నారు. అదే ఏడాది పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. ఇవాళ డాలస్‌కో దుబాయ్‌కో బయల్దేరే తెలుగువాళ్ళు పాస్‌పోర్టును హక్కుగా అడగగలగడంలో ఆ తీర్పు పాత్ర ఉంది. 1970లో బ్యాంకుల జాతీయీకరణ కేసులో పదకొండు మంది ధర్మాసనం, హక్కులు వేర్వేరు గదుల్లో ఉంటాయన్న గోపాలన్ ఆలోచనను పడగొట్టింది. ఆ మెజారిటీ తీర్పు రాసింది జె.సి. షా, 1962లో సుబ్బారావుతో కలిసి నిలబడ్డ న్యాయమూర్తే. 1978లో మేనకా గాంధీ కేసుతో చట్టం ఉంటే చాలదు, అది సమంజసంగానూ ఉండాలన్న పరీక్ష స్థిరపడింది. గోప్యత మాత్రం ఇంకా ఆగాల్సి వచ్చింది. ఖరక్ సింగ్ మెజారిటీనీ, ఎనిమిది మంది న్యాయమూర్తులు చెప్పిన 1954 నాటి ఎం.పి. శర్మ తీర్పునీ చూపించి, ఆధార్ కేసులో కేంద్రం అసలు గోప్యత హక్కే లేదని వాదించింది. అది తేల్చడానికి తొమ్మిది మంది కూర్చోవాల్సి వచ్చింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో వాళ్ళందరూ ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కని ప్రకటించారు. కృష్ణా జిల్లా నుంచి వెళ్ళిన జస్టిస్ చలమేశ్వర్ ఆ తొమ్మిది మందిలో ఒకరు. ఖరక్ సింగ్ మెజారిటీ తీర్పులో ఒక భాగం ఇంకో భాగానికి పొసగదని అక్కడ తేలింది. జస్టిస్ నారిమన్ సుప్రీంకోర్టు చరిత్రలోని మూడు గొప్ప మైనారిటీ తీర్పుల్ని పేర్కొంటూ, గోపాలన్ కేసులో ఫజల్ అలీ, ఎమర్జెన్సీ నాటి జబల్‌పూర్ కేసులో ఖన్నా రాసినవాటి సరసన సుబ్బారావు తీర్పును పెట్టారు. యాభై నాలుగేళ్ళ తరువాత ఓడిన పక్షమే గెలిచింది. అప్పటికి సుబ్బారావు పోయి నలభై ఏళ్ళు దాటింది.

మన రాష్ట్రాల్లో ఈ విషయానికి వేరే పేరుంది: రౌడీషీట్. పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల కింద షీటు తెరవడం, ఠాణాకు పిలిపించడం, పండగొచ్చినా ఎన్నికలొచ్చినా కౌన్సెలింగ్ పేరుతో వరసలో కూర్చోబెట్టడం మనకు కొత్త కాదు. తెలుగువాడే అయిన జస్టిస్ చిన్నపరెడ్డి 1980లో మలక్ సింగ్ కేసులో నేరాల నివారణకు నిఘా అవసరమేనంటూనే, అది మనిషి స్వేచ్ఛను నొక్కేసేలా చొరబడకూడదని హద్దు గీశారు. 2022లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సింగిల్ జడ్జి ఒకరు స్టాండింగ్ ఆర్డర్లకు చట్టబలం లేదని, వాటి ఆధారంగా రౌడీషీట్లు కొనసాగించడం కుదరదని తీర్పిచ్చారు. చట్టం ఏదీ అన్న సుబ్బారావు ప్రశ్నే అది. హైదరాబాద్‌లో పోలీసులు ముఖాన్ని గుర్తించే కెమెరాల్ని వాడటాన్ని సవాలు చేస్తూ తెలంగాణ హైకోర్టులో పిటిషన్ పడింది. అక్కడా ముందుగా అడగాల్సింది అదే ప్రశ్న.

రాజ్యాంగ హక్కుల తీర్పులంటే లావుపాటి సంపుటాలని, వకీళ్ళకే పనికొస్తాయని మనలో చాలామందికి ఒక భయం. ఈ తీర్పు ఆ భయాన్ని పోగొడుతుంది. ఇందులో దాదాపు ప్రతి మెట్టూ మామూలు మనిషి బతుకు మీద నిలబడి ఉంది: తలుపు చప్పుడు, ప్రయాణం, ములాఖత్, ఇల్లు. న్యాయ కళాశాలల్లో తీర్పు సారాంశాన్ని చెప్పి వదిలేస్తున్నారు. సారాంశంలో ఫలితం తెలుస్తుంది గానీ పనితనం కనిపించదు. ఈ పేజీల్ని మంచి తెలుగులోకి తెచ్చి, ఇంటర్ చదివే పిల్లలు కూడా పూర్తిగా చదివేలా చేయడం మనం సుబ్బారావుకు తీర్చాల్సిన బాకీ. పోలీసు ఠాణాలో తన పేరు మీద షీటు ఉందని తెలిసిన మనిషికి తన హక్కు ఏమిటో తెలుగులో చదువుకునే వీలుండాలి.